మా మేనత్త వాపసిచ్చిన కుర్చీ

మా మేనత్త పోయిందన్న కబురు తెచ్చిన మనిషి సూర్యాపేటలో నా కొట్టం ముందు బండి ఆపి, తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నేను బండిచక్రానికి ఆకులు బిగిస్తున్నాను.

"అత్త ఇగ లేదన్నా. పొద్దుగాల్నే పోయింది" అన్నాడు.

నా నోటి నుంచి ముందుగా వచ్చింది ఏడుపు కాదు. "దొర ఊళ్లెనే ఉన్నడా?" అని అడిగాను.

"ఉన్నడు. నేనచ్చేటప్పుడు గడి అరుగు మీద చుట్టాలతోటి కూసున్నడు. రాయిలెక్క ఉన్నడు."

"మంచిదే" అన్నాను. అతను నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ఆ తర్వాతే నాకు ఏడుపు వచ్చింది.

ఎందుకు మంచిదన్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మా మేనత్త ఆ దొర చావు కోరని రోజు లేదు. పొద్దున లేచి ముఖం కడుక్కుంటూ కోరేది, దీపం పెడుతూ కోరేది. కానీ ఆఖరి రోజుల్లో మనసు మార్చుకుంది. తాను పోయేనాటికి వాడు బతికే ఉండాలనీ, ఊళ్లోనే ఉండాలనీ కోరుకుంది. క్షమించి కాదు. వాడితో ఆమెకు ఇంకా పని ఉంది.

పెద్దవాళ్లు పోతే పత్రికల్లో నాలుగు మంచి మాటలు అచ్చువేస్తారు. రేపో మాపో మా ఊరి దొర పోయినా వేస్తారు, ధర్మాత్ముడని, దానశీలి అని. నేను సూర్యాపేట గ్రంథాలయంలో కూర్చుని అలాంటివి చాలా చదివాను. ఆ మాటలు అచ్చయ్యే లోపల మా మేనత్త గురించి నాలుగు మాటలు చదవండి. మా ఊరు సూర్యాపేట నుంచి కోదాడ పోయే బాట దిగి కొంత లోపలికి పోతే వస్తుంది. పేరు రాయను. అటువైపు వాళ్లకు చెప్పక్కర్లేదు.

మాది వడ్లపని, అంటే వడ్రంగం. మా మేనత్త మొగుడు, అంటే మా మామ, ఆ ఊరికి నాగళ్లు, బండ్లు, తలుపులు చేసేవాడు. గడి, అంటే దొర ఉండే కోట లాంటి ఇల్లు, పిలిస్తే ఊరి పని ఎక్కడిదక్కడ వదిలి పోవాల్సిందే. గడి పనికి కూలి అడగడం మా తాతల నాడే లేదు. దొర ఒకసారి మిర్యాలగూడ పోయి, అక్కడ ఎవరో అధికారి బంగళాలో సింహం తలల చేతులున్న కుర్చీ చూసి వచ్చాడు. అంతకంటే ఎత్తుగా, అంతకంటే వెడల్పుగా తనకూ కావాలన్నాడు. ఆ వానకాలమంతా మామ గడిలోనే ఉన్నాడు. రైతులు విరిగిన నాగళ్లు పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుని పోయేవాళ్లు. అత్త రోజూ తిట్టేది. మామకు మాత్రం పని మీద కోపం ఉండదు. మంచి టేకు దొరికింది కదా అని సంబరపడి, చేతులకు సింహం తలలు చెక్కాడు, వీపు ఆనే చోట రెండు నెమళ్లు చెక్కాడు.

ఇక్కడ మా పనిలో ఉన్న ఒక అలవాటు చెప్పాలి. వడ్లవాడు మంచం చేస్తే ముందు తాను పడుకుంటాడు. కుర్చీ చేస్తే ముందు తాను కూర్చుంటాడు. కాలు కదులుతుందా, వీపుకు ఎక్కడైనా గుచ్చుతుందా అన్నది కంటికి తెలియదు, ఒంటికే తెలుస్తుంది. అలా చూసుకోకుండా పని అప్పజెప్పడం మాకు తప్పు. ఆ కుర్చీ అయిపోయిన రోజు మామ కూడా, ఎక్కడున్నాడో మరిచిపోయి, చేతులు తుడుచుకుని అందులో కూర్చున్నాడు. కళ్లు మూసుకుని అటూ ఇటూ ఊగి చూశాడు. కళ్లు తెరిచేసరికి దొర ఎదురుగా ఉన్నాడు.

దొర కనబడితే ఊళ్లో ఎవరైనా సరే సొంత అరుగు మీది నుంచి కూడా లేచి నిలబడాలి. అలాంటిది దొర ఇంకా కూర్చోని కుర్చీలో ముందుగా వడ్లవాడు కూర్చున్నాడు. మామను గడి గోడకు ఆనించి, కింద ఏమీ లేకుండానే కూర్చున్నట్టు మోకాళ్లు వంగబెట్టి నిలిపారు. బళ్లో పిల్లలకు వేసే గోడకుర్చీ. పిల్లల తొడల మీద ఏమీ పెట్టరు. మామ తొడల మీద విసురురాయి పెట్టారు. దొర కొత్త కుర్చీని నీడలోకి వేయించుకుని, అందులో కూర్చుని అదంతా చూశాడు. అత్త పరుగెత్తుకుంటూ పోయి, "నీ బాంచెన్ దొరా, ఇడిసిపెట్టు" అని దండం పెట్టింది. తన బతుకులో అదే ఆఖరి దండం అని నాతో చెప్పేది. మామ కాళ్లు వణికి కూలబడ్డప్పుడు ఆ రాయి మోకాళ్ల మీదే పడింది.

సూర్యాపేట దవాఖానకు బండిలో తీసుకువచ్చింది నేనే. ఎముకలు అతికాయి గానీ కాళ్లు రాలేదు. తిరిగి ఊరికి దించడానికి పోతున్నప్పుడు బండిలో అత్త నాకేసి చూడకుండా, ఎడ్ల వీపులకేసి చూస్తూ అన్నది: "వాడు కూసొని సూసిండు. మీ మామ నిలబడలేక పడిపోయిండు. ఇగ సూడు బిడ్డా. మీ మామ కూసొని ఉండాలె, వాడు లేసి నిలబడాలె. గంతే నాకు కావాల్సింది. వాని గడి వద్దు, వాని భూమొద్దు."

ఎంత చిన్న కోరికో చూడండి. ఆ ఊళ్లో అంతకంటే పెద్ద కోరిక ఇంకొకటి లేదు.

మా ఇళ్లలో ఆడవాళ్లు ఉలి, బాడిస పట్టరు. మామ మంచాన పడ్డాక అత్త పట్టింది. కులపెద్దలు వచ్చి ఇది పద్ధతి కాదన్నారు. "మీరు గడికి పోయి గదే మాట దొరతోటి చెప్పి రాండ్రి, గప్పుడు నేను బాడిస కింద పెడ్త" అన్నది. వాళ్లు తువ్వాళ్లు దులుపుకుని పోయారు. మామ మంచంలో పడుకుని చెప్తుంటే ఆమె చెక్కేది. కొత్త కొయ్య కొనే తాహతు లేక పాత సామానుతోనే పని చేసేది. దారిలో విరిగిన నాగలి కొన కనబడినా ఒడిలో వేసుకుని వచ్చేది. వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేది.

ఎవరైనా విరిగిన వస్తువు తెస్తే ఆమె అడిగే మొదటి మాట, "ఎవలు ఇరగ్గొట్టిండ్రు?" పిల్లలు ఎక్కి తొక్కారంటే నవ్వేది. ఎద్దు తన్నిందంటే ఎద్దును తిట్టేది. మనిషి కోపంతో విరగ్గొట్టాడంటే మాత్రం ముఖం మారిపోయేది. అలాంటి పనిని ముందు పెట్టుకునేది. "ఇరిగినదాన్ని పారేస్తె ఇరగ్గొట్టినోడు గెలిచినట్టే. దాన్నే ఇంకో పనికి నిలబెట్టాలె. వాడు ఎదురుంగ చూడాలె" అనేది. నేను ఆమె దగ్గర నేర్చుకున్న పనిలో సగం ఈ మాటే.

తర్వాత సంఘం రోజులు వచ్చాయి. ఊళ్లన్నీ ఒక్కసారి లేచేసరికి దొర పెట్టెలు సర్దుకుని పట్నం పారిపోయాడు. జనం గడి తలుపులు తీసి సామానంతా బయటికి ఈడ్చారు. పందిరి మంచం, ఊయల బల్ల, అల్మారాలు, దొరసాని అద్దం బల్ల, మా మామ కుర్చీ. నడివీధిలో కుప్ప పోసి, కిరసనాయిలు డబ్బా తెచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. నిప్పు పెట్టడానికి నా చేయి కూడా దురద పెట్టింది.

అత్త కుప్ప ముందుకు వచ్చి నిలబడింది. "కాలవెడ్తరా? రేపు వాడస్తె ఏం సూపిస్తరు, బూడిదా? వాని సామాను మన కాళ్ల కింద, మన కోళ్ల కింద ఉండాలె. వాడు పేరు పెట్టి పిలిచినా గుర్తుపట్టొద్దు."

"నీ మొగని కాళ్లు తీసిన కుర్చీని గూడ ఉంచుకుంటవా అత్తా?" అని ఎవరో అరిచారు.

"దాన్ని నాకిడిసిపెట్టుండ్రి."

ఆ ఎండాకాలం మా మేనత్త బతుకులో పండగ. అల్మారా కోళ్ల గూడైంది. అద్దాలున్న తలుపు తీసేసి వెదురు తడక పెట్టింది. ఊయల బల్ల చెప్పులు కుట్టే ఆయనకు తోలు కోసుకునే బల్లగా పోయింది. దొర కుటుంబం పండగపూట కూర్చుని ఊగిన బల్ల మీద ఇప్పుడు పచ్చితోలు ఆరేది. దొరసాని అద్దం బల్ల కాళ్లు కురచ చేసి, మంత్రసానికి పురుడు పీట చేసింది. పందిరి మంచం గుంజలు మేకల కొట్టానికి, పలకలు కుక్కి మంచాలకు పట్టెలుగా పోయాయి. ఒక్కొక్కటి ఇచ్చేటప్పుడు ఒకటే మాట అనేది: "అరుగు మీద ఏస్కోని కూసోండ్రి. లోపల దాస్తె నా చేతిపని నాకు వాపసియ్యాలె."

కుర్చీని మాత్రం చాలా రోజులు ముట్టుకోలేదు. చివరికి ఒకరోజు రంపం తీసింది. మామకు కాళ్లు పడిపోయాయి కనుక పొద్దున చెంబు పట్టుకుని బయటికి పోవాలంటే ఇద్దరు మోయాలి. ఆడమనిషి చేత మోయించుకోవడం ఆయనకు చావుకంటే కష్టంగా ఉండేది. అత్త ఆ కుర్చీ నడుమ గుండ్రంగా కంత కోస్తానన్నది. కింద కుండ పెడితే సరిపోతుంది.

మామ విలవిల్లాడిపోయాడు. "ఒక వానకాలం చెక్కిన్నే. కంత పెడ్తవా దానికి?"

"నువ్వు చెక్కింది చేతులల్ల ఉంది, ఈపుల ఉంది. దాన్ని ముట్ట. వాడు కూసున్న జాగ ఒక్కటే కోస్త."

కోసింది. అంచులు చిత్రిక పట్టి, గాజుపెంకుతో గీకి నున్నగా చేసింది. పద్ధతి ప్రకారం ముందు తాను కూర్చుని, కాలు కదలడం లేదని చూసుకుని, అప్పుడు మామను కూర్చోబెట్టింది. మామ సింహం తలల మీద చేతులు వేసి తడిమాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. గోడకుర్చీ తర్వాత ఆయన నవ్వగా నేను వినడం అదే మొదలు. అత్త తలుపు వేసి బయటికి వచ్చి, "రోజూ పొద్దుగాల దొర కుర్చీల దర్బారు" అని వీధంతా వినేటట్టు చెప్పింది. నాకు ఆ రోజు తృప్తిగా అన్నం తిన్నట్టు గుర్తు.

ఊళ్ల మీద నిజాం మంది పడి ఇళ్లు కాలబెట్టే రోజుల్లో అత్తా మామా కోదాడలో దూరపు చుట్టాల ఇంట్లో తలదాచుకున్నారు. నేను బండి తోలుకుని పోయాను. బియ్యం మూట, పనిముట్ల సంచి, మామ, కుర్చీ. కోదాడ ఇంటావిడ అది చూసి ఆశ్చర్యపోయింది. "ఇల్లంతా అక్కడొదిలేసి ఈ కుర్చీ మోసుకొచ్చారేందమ్మా?" అన్నది. అత్త కుర్చీ కథ చెప్పింది. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వి, వెంటనే పక్కింటావిడను పిలుచుకువచ్చింది. ఆ వారంలో కోదాడ ఆడవాళ్లు చాలామంది ఆ కుర్చీని చూసి పోయారు.

అక్కడే ఒకామె విరిగిన ముక్కాలిపీట తెచ్చింది. ఎవరు విరగ్గొట్టారని అత్త అడిగింది. "మా ఆయనేనమ్మా. తాగొచ్చి నా మీదకి విసిరాడు" అన్నది ఆమె, తలెత్తకుండా. అత్త పీటను పక్కన పెట్టింది. దాని కాళ్లు రెండు అతికి, తలుపుకు లోపలి నుంచి వేసే అడ్డగడియ చేసి ఇచ్చింది. "తాగచ్చిన రోజు ఇదెయ్యి. బయట పండుకుంటడు. ఏ కొయ్యతోటి కొట్టిండో గా కొయ్యనే ఆపుతది" అన్నది. ఆ మొగుడు మర్నాడు గొడవకు వచ్చాడు. అత్త చేతిలో బాడిస చూసి, మంచినీళ్లడిగి తాగిపోయాడు.

నిజాం రాజ్యం పోయింది. అందరితో పాటు అత్తా మామా ఊరికి తిరిగివచ్చారు. అందరితో పాటు దొర కూడా తిరిగివచ్చాడు. పోయినప్పుడు ఎర్రటోపీ, వచ్చినప్పుడు తెల్లటోపీ. వెనక మిలటరీ బండి. గడి సామాను ఎవరింట్లో ఉన్నా పొద్దుగూకే లోపల తెచ్చి అప్పజెప్పాలని, లేకపోతే పట్టుకుపోతారని డప్పు వేయించాడు. పక్క ఊళ్లలో పట్టుకుపోయిన వాళ్లు ఇంకా తిరిగిరాలేదు. మా ఊళ్లో అందరూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నారు. కొందరు ఆ సామాను బావిలో పడేద్దామన్నారు, కొందరు పాతిపెడదామన్నారు.

"దాస్తెనే దొంగలమైతం. ఎత్తుకోని ఎదురుంగనే పోదాం. ఏది తనదో వాడే చెప్పాలె గద, నలుగురి ముంగట" అన్నది అత్త. నాకు కూడా ఆ ధైర్యం లేదు. అయినా కుర్చీకి ఒకవైపు నేనే పట్టాను.

గడి వాకిట్లో మిలటరీ ఆఫీసరు మడత కుర్చీలో కూర్చున్నాడు. ఎక్కడివాడో, తెలుగు రాదు. పక్కన దొర కూడా కుర్చీలోనే కూర్చున్నాడు, వెనక గుమాస్తా. ముందుగా కోళ్ల గూడు వచ్చింది. కోళ్లను వదలడానికి వేరే చోటు లేక లోపల వాటితోనే తెచ్చారు. అవి అరుస్తున్నాయి.

"యే ఆప్ కా హై?" అని ఆఫీసరు దొరను అడిగాడు.

దొర గూడుకేసి చూశాడు. అల్మారా అంచుకు ఉన్న ఇత్తడి పువ్వు కనబడే ఉంటుంది. కోళ్ల రెట్ట కూడా కనబడింది. చుట్టూ ఊరంతా నిలబడి ఉంది. తన ఇంట్లో ఇది ఉండేదని ఎలా చెప్తాడు? "నహీ" అన్నాడు.

తోలు బల్ల వచ్చింది. దాని వాసనకు దొర కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "మీ ఊయల బల్లనే దొరా, సూసుకోండ్రి" అని చెప్పులు కుట్టే ఆయన వినయంగా దగ్గరికి జరిపాడు. "నహీ, నహీ." పురుడు పీట వచ్చింది. మంత్రసాని దాని మీది మరక దేనిదో చెప్పబోతుంటే గుమాస్తా చెవులు మూసుకున్నాడు. అదీ కాదు. ఆఫీసరు చిరాకుగా, మరి నీదేం పోయిందయ్యా అని హిందీలో అడిగాడు.

"నా కుర్చీ" అన్నాడు దొర.

మేము కుర్చీ దించాం. అత్త దాని పక్కన కుండ కూడా పెట్టింది. దొర కూర్చున్నచోటే ముందుకు వంగాడు. సింహం తలలు చూశాడు, నెమళ్లు చూశాడు, ముఖం వెలిగింది. తర్వాత కంత చూశాడు.

అత్త ఆఫీసరుకు తనకు వచ్చిన తురకంలో చెప్పింది: "సాబ్, హమారా ఆద్మీ రోజ్ సుబో ఇసీచ్ మే బైఠ్తా. చల్‌నా నై ఆతా ఉస్కూ." మా ఆయన రోజూ పొద్దున ఇందులోనే కూర్చుంటాడు, నడవలేడు అని. కుండ చూపించింది. సిపాయిలు ఒకరినొకరు చూసుకుని పక్కున నవ్వారు. ఆఫీసరు మీసం కింద నవ్వు ఆపుకుంటూ దొరకేసి తిరిగాడు. "ఆప్ కా హై?"

వాడి ముఖం మాడిపోయింది. నేను ఆ ముఖాన్ని చచ్చేదాకా మరిచిపోను, మరిచిపోవాలనీ లేదు. "నాది కాదు" అన్నాడు తెలుగులోనే.

అత్త కదల్లేదు. "నీది కాదా? మంచిగ చెప్పు. ఊరంత ఇంటున్నది."

"కాదంటున్న గద!"

"మల్ల మా ఆయన ఎవల కుర్చీల కూసున్నడని రాయి పెట్టిచ్చినవ్?"

కోళ్లు కూడా ఆ క్షణాన అరవలేదనిపిస్తుంది నాకు. గుమాస్తా "నోర్మూస్కో" అన్నాడు గానీ గొంతులో పస లేదు. దొర కుర్చీకేసి చూడకుండా కండువా సర్దుకున్నాడు. ఆఫీసరుకు మాట అర్థం కాలేదు, ముఖాలు అర్థమయ్యాయి. లేచి, టోపీ సర్దుకుని, బండెక్కి పోయాడు. ఆ పూట మా ఊళ్లో ఎవర్నీ పట్టుకుపోలేదు. ఎవరి సామాను వాళ్లు ఎత్తుకుని ఇళ్లకు వచ్చారు.

దారిలో నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. అత్త మాత్రం ముఖం చిట్లించుకునే నడిచింది. "వాడు లేసిండా? లేవలే. ఆఫీసరు లేసినా వాడు కూసున్నకాడ్నే కూసున్నడు" అన్నది. ఆ సంగతి నేను గమనించనే లేదు.

కంతకు సరిపోయే మూత ఒకటి చేసి, మధ్యాహ్నం పూట ఆ కుర్చీని అరుగు మీద వేసి మామను కూర్చోబెట్టేది. దొర బండి ఆ వీధినే పోవాలి. ఒకసారి వచ్చింది. మామ కూర్చునే ఉన్నాడు. కాళ్లు రానివాణ్ణి లేవమని ఎవరంటారు? బండి మీద దొర కూడా కూర్చునే ఉన్నాడు. ఆ తర్వాత వాడు ఊరి వెనక వాగు పక్కనుంచి చుట్టూ తిరిగిపోవడం మొదలుపెట్టాడు. బండి చక్రం ఆ రాళ్లలో రెండుసార్లు విరిగింది. బాగుచేయడానికి నన్ను పిలిస్తే చేతిలో పనుందన్నాను. ఇదంతా విని ఊరు నవ్వుకునేది. అత్తకు చాల్లేదు.

మొన్న అత్తకు జ్వరం అని తెలిసి చూడటానికి పోయాను. నులకమంచంలో పడుకుని, మామ కుర్చీకేసి చూస్తూ ఉంది. "నేను పోతె వాగు పక్కనుంచి తీస్కపోవద్దు. గడి ముంగట్నుంచే పోవాలె. మీ మామను గా కుర్చీల కూసోబెట్టి నా ఎనక మోస్కరావాలె. దింపుడు కళ్లం గడి దర్వాజ ముంగటనే" అన్నది.

"గవేం మాటలత్తా" అన్నాను.

"పీనుగ ఎదురైతె ఎవడైన లేస్తడు బిడ్డా. వాడు గడిల ఉండంగనే పోవాలె నేను. జర దేవునికి చెప్పు."

అదీ సంగతి. కబురు రాగానే నేను దొర గురించి ఎందుకడిగానో ఇప్పుడు మీకు తెలిసింది. నేను బండి తోలుకుని పోయేసరికి అంతా సిద్ధంగా ఉంది. మా కులంలో పోయినవాళ్లను పడుకోబెట్టి కాదు, కూర్చోబెట్టి తీసుకుపోతారు. అత్త పసుపు ముఖంతో వెదురు పాడె మీద కూర్చుని ఉంది. వెనక కుర్చీకి రెండు బొంగులు కట్టి మామను ఎత్తాం. కులపెద్ద ఒకాయన గడి దారి వద్దు, ఈ రోజుల్లో కయ్యం దేనికని నసిగాడు. ఎవరూ వినలేదు. ఊరు ఊరంతా వెనక నడిచింది.

గడి అరుగు మీద దొర, హుజూర్‌నగర్ నుంచి వచ్చిన చుట్టాలు కూర్చుని ఉన్నారు. డప్పు విని లోపలికి పోదామనుకున్నాడేమో, కాలు కదిపాడు. కానీ అప్పటికే మేము ఎదురుగా ఉన్నాం. ఇప్పుడు పోతే పారిపోయినట్టే. మేము దర్వాజా ముందు అత్తను దించాం. ఆమె పక్కనే మామ కుర్చీ దించాం. డప్పు ఆగింది. అరుగు మీద చుట్టాలు ఒక్కొక్కరే లేచి, కండువాలు తీసి చేత్తో పట్టుకున్నారు. దొర ఒక్కడే మిగిలాడు. వాడు వాళ్లకేసి చూశాడు, మాకేసి చూశాడు, మామకేసి మాత్రం చూడలేదు. తర్వాత అరుగు స్తంభం పట్టుకుని లేచి నిలబడ్డాడు.

దింపుడు కళ్లం దగ్గర పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలవాలి, ప్రాణం ఉంటే పలుకుతారేమోనని. కులపెద్ద మామను పిలవమన్నాడు. మామ తన జన్మలో పెళ్లాన్ని పేరు పెట్టి పిలవలేదు. సింహం తల పట్టుకుని పక్కకు వంగి, ఆమె చెవికి నోరు ఆనించాడు.

"ఏమే. లేసిండే."

రెండోసారి కూడా అదే అన్నాడు. మూడోసారి గడి లోపలికి వినబడేటట్టు అన్నాడు.

కులపెద్ద ఇక ఎత్తండన్నాడు. ఎవరమూ వంగలేదు. ఒకతను తలగుడ్డ విప్పి మళ్లీ నిదానంగా చుట్టుకున్నాడు. ఒకతను భుజం మీది బట్ట సర్దుకున్నాడు. నేను బొంగుకు కట్టిన తాడు గట్టిగానే ఉన్నా విప్పి మళ్లీ కట్టాను. మామ కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ చాపుకుని కూర్చున్నాడు. అరుగు మీద వాడు నిలబడే ఉన్నాడు.